ఆపరేషన్స్ రీసెర్చ్ ప్రాజెక్టులో పరిశోధన సిబ్బంది చేసే పని ఏమిటి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తి చేశారు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ నిధులతో నడుస్తున్న ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులను ఉత్తమంగా వాడే మార్గాన్ని గణితంతో వెతికే శాస్త్రం) ప్రాజెక్టులో ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరమని ఉత్తరం వచ్చింది. గణిత మోడల్ నిర్మించడానికి ప్రొఫెసరు గారు, సిద్ధాంతాలు నిరూపించడానికి పీహెచ్‌డీ విద్యార్థులు ఉన్నప్పుడు మీకు మిగిలేది డేటా ఎంట్రీ, బిల్లుల పని మాత్రమేనా అని అడిగారు. నేను ఇదే తరహా ఉద్యోగంలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరి, పదిహేనేళ్లుగా ఇటువంటి ప్రాజెక్టుల్లోనే పనిచేస్తున్నాను కనుక కొంచెం వివరంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. కాగితం మీద ఉన్న మోడల్‌కూ, పరిశోధన పత్రికలో అచ్చయ్యే ఫలితాల పట్టికకూ మధ్య కొన్ని వందల చిన్న నిర్ణయాలు ఉంటాయి. ఖాళీగా ఉన్న గడిని సున్నాగా తీసుకోవాలా, తెలియదని తీసుకోవాలా? రెండు ఊళ్ల మధ్య దూరాన్ని సరళరేఖ మీద కొలవాలా, రోడ్డు మీద కొలవాలా? సాల్వరును, అంటే మోడల్‌కు పరిష్కారం వెతికే ప్రోగ్రామును, ఏ దశలో ఆపాలి? ఈ నిర్ణయాలను ప్రొఫెసరు గారు తీసుకోరు, ఆయనకు అవి కనిపించవు కూడా. వాటిని తీసుకునేది సిబ్బందే. అందువల్ల మీ పనిని సహాయం అనే మాటతో కొలవకండి. పట్టికలోని ప్రతి అంకె ఎక్కడి నుంచి, ఏయే మార్పులు పొంది అక్కడికి చేరిందో ఎవరు ఎప్పుడు అడిగినా వెనక్కి నడిచి చూపించగలగడమే మీ బాధ్యత. నేను చెప్పబోయే మిగతా విషయాలన్నీ దీని నుంచి వచ్చేవే.

మేము చేసిన ఒక ప్రాజెక్టును ఉదాహరణగా తీసుకుంటాను. జిల్లా స్థాయి మందుల గోదాముల్లో ఏవి ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సరఫరా చేయాలి, కొత్తగా ఎక్కడ గోదాము తెరిస్తే ఖర్చూ ఆలస్యమూ తగ్గుతాయి అన్నది సమస్య. పాఠ్యపుస్తకంలో దీనిని సౌకర్యాల స్థాన నిర్ణయ సమస్య అంటారు, ఒక పేజీలో రాసేయవచ్చు. మోడల్ రాయడానికి మాకు రెండు వారాలు పట్టింది. దానికి ఇవ్వవలసిన డేటాను సిద్ధం చేయడానికి పదకొండు నెలలు పట్టింది.

అంత కాలం ఎందుకు పట్టిందో తెలుగు రాష్ట్రాల డేటాతో పనిచేసిన వారికి వెంటనే అర్థమవుతుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందే, 2014లో, ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. కాబట్టి 2012 నుంచి 2023 వరకు ఒక జిల్లా పేరుతో ఉన్న వరుసను గీతగా గీస్తే, మధ్యలో మందుల వాడకం సగానికి పడిపోయినట్లు కనిపిస్తుంది. అక్కడ రోగులు తగ్గలేదు, జిల్లా చిన్నదయింది. కొత్త మండలాలు కూడా ఏర్పడ్డాయి కనుక మండలాన్ని ఆధారం చేసుకున్నా చిక్కు తీరదు. చివరికి మేము గ్రామ స్థాయికి దిగి, 2011 జనాభా లెక్కల గ్రామ సంకేతాలను కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సంకేతాలతో జత చేసి, ప్రతి గ్రామం ఏ తేదీన ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో తెలిపే ఒక పట్టిక తయారు చేసుకున్నాం. మేము రాసిన ఏ పరిశోధన పత్రంలోనూ ఆ పట్టిక గురించి రెండు వాక్యాలకు మించి లేదు. అయినా ఆ తర్వాత మా విభాగంలో జరిగిన ప్రాజెక్టులన్నీ దాని మీదనే నిలబడ్డాయి.

పేర్లను నమ్మి జత చేయడం ఎంత ప్రమాదమో కూడా అప్పుడే తెలిసింది. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లున్న ఊళ్లు చాలా జిల్లాల్లో ఉన్నాయి. ఒకే ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక రిజిస్టరులో ఒక విధంగా, మరొక రిజిస్టరులో ఇంకొక విధంగా ఉంటుంది. దీర్ఘాలు, ఒత్తులు ఎవరికి తోచినట్లు వారు రాస్తారు. అక్షరాల పోలికను లెక్కగట్టి జత చేసే ప్రోగ్రాములు పనికివస్తాయి, కానీ అవి రెండు వేర్వేరు ఊళ్లను కూడా అంతే నమ్మకంగా కలిపేస్తాయి. అందువల్ల ప్రోగ్రాము కలిపిన జతల్లో యాదృచ్ఛికంగా 200 తీసుకుని మనిషి కంటితో పరిశీలించి, తప్పుల శాతాన్ని రాసి పెట్టుకోవడం మా వద్ద నియమం.

అక్షాంశ రేఖాంశాల సంగతి వేరు. అవి అంకెలు కావడం వల్ల సరైనవేనన్న భ్రమ కలిగిస్తాయి. హైదరాబాదు సుమారు 17.4 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ రెండింటినీ తారుమారుగా నమోదు చేస్తే ఆ బిందువు ఉత్తర ధ్రువానికి దగ్గరలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. ఈ తప్పు పటం మీద చుక్క పెట్టగానే బయటపడుతుంది కనుక దాని వల్ల పెద్ద హాని లేదు. హాని చేసేది మరొకటి. 17 డిగ్రీల 45 నిమిషాలను ఎవరో 17.45 అని రాస్తారు. 45 నిమిషాలంటే ముప్పావు డిగ్రీ కనుక అది 17.75 కావాలి. ఈ తేడా దాదాపు 33 కిలోమీటర్లు. ఆ ఆరోగ్య కేంద్రం పటం మీద పక్క మండలంలోనో, పక్క జిల్లాలోనో చక్కగా కూర్చుని ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఒక నిలువు వరుసలో దశాంశ భాగం ఎక్కడా 60 దాటకపోతే అవి నిమిషాలేమోనని అనుమానించాలి. ఈ పరీక్షను నాకు మా పాత సహోద్యోగి ఒకరు నేర్పారు, ఇప్పటికీ కొత్త డేటా రాగానే నేను మొదట చేసే పని అదే.

ఇక అన్నిటికంటే లోతైనది సున్నా సమస్య. ఒక ఆరోగ్య కేంద్రంలో జూలై నెల మెట్‌ఫార్మిన్ వాడకం సున్నా అని రిజిస్టరులో ఉందనుకోండి. ఆ నెల మధుమేహ రోగులు రాలేదని దాని అర్థమా, మందు లేక వారు ఖాళీ చేతులతో తిరిగి వెళ్లారని అర్థమా? రెండవదైతే మనకు కనిపిస్తున్నది వాడకం మాత్రమే, గిరాకీ కాదు. ఈ అంకెల మీద నేరుగా అంచనా మోడల్ కడితే, ఎక్కడ మందు తరచుగా అయిపోతుందో అక్కడే గిరాకీ తక్కువని మోడల్ నేర్చుకుంటుంది, అక్కడికి ఇంకా తక్కువ పంపమని చెబుతుంది, దానితో మందు ఇంకా త్వరగా అయిపోతుంది. గణాంక శాస్త్రంలో ఇటువంటి డేటాను సరిచేసే పద్ధతులు ఉన్నాయి, మీరు చదువుకునే ఉంటారు. కానీ ఆ పద్ధతిని వాడాలంటే ఏ రోజున నిల్వ సున్నాకు చేరిందో తెలియాలి, అది నెలవారీ నివేదికలో ఉండదు. మేము కొన్ని కేంద్రాలకు వెళ్లి, ఫార్మసిస్టుల వద్ద ఉన్న నిల్వ పుస్తకాల నుంచి రోజువారీ లెక్కలు ఎక్కించుకున్నాం. మీరు అడిగిన డేటా ఎంట్రీ అదే. ప్రాజెక్టు మొత్తంలో అంతకంటే విలువైన పని మరొకటి జరగలేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఆ పుస్తకాలు ఎక్కిస్తున్నప్పుడే ఒక చోట మాత్రలను షీట్లలో, మరొక చోట విడి మాత్రల్లో లెక్కపెట్టారని కూడా తెలిసింది. షీటుకు పది మాత్రలు కనుక ఆ కేంద్రం గిరాకీ పది రెట్లు తప్పుగా ఉంది. అంతవరకు దానిని అసాధారణ బిందువుగా భావించి తొలగించాలని అనుకున్నాం. కారణం తెలియకుండా ఏ బిందువునూ తొలగించకండి.

కొలతల పని చిన్నదని ఎవరైనా అన్నప్పుడు నాకు ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గుర్తుకు వస్తారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన ఆయన, 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో పనిచేయడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను రెండు సమూహాలు ఎంత భిన్నమో లెక్కగట్టే మహలనోబిస్ దూరం అనే పద్ధతితో విశ్లేషించడం ఆ పని. అక్కడ ఉండగానే గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందారు. ఎముకల కొలతలూ, అనేక కొలతలను ఒకేసారి విశ్లేషించే బహుచర గణాంక సిద్ధాంతమూ ఆయన చేతిలో ఒకే పనిలో రెండు భాగాలుగా ఉండేవి. మీకూ అలాగే ఉండాలని నా కోరిక.

ఇప్పుడు కంప్యూటరు మీద జరిగే పని గురించి. ఇక్కడ నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటును చెబుతాను, ఎందుకంటే ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. గోదాము తెరిచామా లేదా అన్నదానికి 1 లేదా 0 విలువ తీసుకునే ఒక చలరాశి ఉంటుంది. తెరవని గోదాము నుంచి సరుకు వెళ్లకూడదన్న షరతును, వెళ్లే సరుకు ఒక పెద్ద సంఖ్యను ఆ చలరాశితో గుణించిన దానికి మించకూడదని రాస్తాం. ఆ పెద్ద సంఖ్యను నేను నిర్లక్ష్యంగా 10 లక్షలు అని పెట్టాను. కానీ సాల్వరు పూర్ణాంకాలను కచ్చితంగా పూర్ణాంకాలుగా చూడదు. మేము వాడిన గురోబి అనే సాల్వరు, మనం మార్చకపోతే, 0.00001 వరకు తేడాను సహించి ఆ విలువను సున్నాగానే అంగీకరిస్తుంది. 10 లక్షలను 0.00001తో గుణిస్తే 10. అంటే మూసి ఉన్న ప్రతి గోదాము నుంచి, దాని స్థిర వ్యయం దాదాపు ఏమీ చెల్లించకుండానే, 10 పెట్టెల వరకు సరుకు పంపించే వీలు ఏర్పడింది. సాల్వరు ఆ వీలును వాడుకుంది. ఉత్తమ పరిష్కారం దొరికిందని సందేశం వచ్చింది, ఖర్చు తగ్గింది, అందరం సంతోషించాం. లారీల వారీగా సరుకును కూడుతూ ఉంటే లేని గోదాముల నుంచి పెట్టెలు బయలుదేరుతున్నాయని మూడు వారాల తర్వాత గమనించాను. అప్పటికి నివేదిక ముసాయిదా భాగస్వామ్య శాఖకు వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించి, జరిగింది చెప్పి, సరిచేసి మళ్లీ పంపాం.

ఆ తర్వాత రెండు అలవాట్లు చేసుకున్నాను. మొదటిది, ఆ పెద్ద సంఖ్య స్థానంలో ఆ గోదాము నిజమైన సామర్థ్యాన్నే పెట్టడం. రెండవది, సాల్వరు ఇచ్చిన పరిష్కారాన్ని మోడల్‌తో సంబంధం లేని మరొక చిన్న ప్రోగ్రాముతో పరీక్షించడం. ఆ ప్రోగ్రాముకు సమీకరణాలు తెలియవు. మూసిన గోదాము నుంచి సరుకు వెళ్లిందా, లారీ పట్టే బరువు మించిందా, ఏ కేంద్రానికైనా తక్కువ చేరిందా అని మామూలు మాటల్లో ఉన్న షరతులను మాత్రమే చూస్తుంది. వీలైతే దానిని మోడల్ రాయని వ్యక్తి రాయాలి.

సాల్వరును ఎప్పుడు ఆపాలన్నది కూడా సిబ్బంది చేతిలోనే ఉండే విషయం. పెద్ద సమస్యల్లో పూర్తి ఉత్తమ పరిష్కారం కోసం రోజుల తరబడి ఎదురుచూడలేక, ఇక ఇంతకంటే 1 శాతానికి మించి మెరుగుపడదని తెలిసిన దశలో ఆపేస్తాం. అది సమంజసమే. అయితే అలా ఆపిన రెండు పథకాలను పోల్చి, ఒకటి మరొకదాని కంటే 0.4 శాతం చౌక అని పత్రికలో రాయకూడదు, ఎందుకంటే ఆ తేడా మనం వదిలేసిన అనిశ్చితిలోనే మునిగి ఉంది. పీహెచ్‌డీ విద్యార్థి గడువు ఒత్తిడిలో ఇటువంటి వాక్యం రాసినప్పుడు, మృదువుగానైనా సరే, ఆపవలసింది మీరే. అలాగే ఒకే సమస్యను షరతుల వరుస మార్చి ఇచ్చినా, యాదృచ్ఛిక సంఖ్యల తొలి విలువ మార్చినా, సాల్వరు తీసుకునే సమయం కొన్ని రెట్లు మారిపోవచ్చు. కాబట్టి మా పద్ధతి వేగవంతమని చెప్పదలచినప్పుడు ఒక్కసారి నడిపితే చాలదు. పలు తొలి విలువలతో నడిపి, అన్ని సమయాలనూ నమోదు చేయాలి.

సాఫ్ట్‌వేరు ఎంపికలో నా సలహా కొంచెం భిన్నంగా ఉంటుంది. గురోబి, సిప్లెక్స్ వంటి సాల్వర్లు విశ్వవిద్యాలయాల వారికి ఉచితంగా దొరుకుతాయి, వేగంగానూ ఉంటాయి. అయితే ప్రాజెక్టు ముగిశాక మన ప్రోగ్రామును ఒక ప్రభుత్వ శాఖ వాడుకోవాలంటే ఆ ఉచితం వారికి వర్తించదు. అందువల్ల ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన హైజ్, బెర్లిన్‌లోని జ్యూసె సంస్థ రూపొందించిన స్కిప్ వంటి స్వేచ్ఛా సాల్వర్లతో కూడా మోడల్ నడుస్తుందో లేదో మొదటి నెలలోనే చూసి పెట్టుకోవడం మంచిది.

కార్యాలయం వదిలి వెళ్లి చూడటం గురించి ఒక మాట. మా మోడల్ ఒక ఏజెన్సీ మండలంలోని కేంద్రాన్ని గోదావరికి అవతలి గోదాముతో జత చేసింది, సరళరేఖ మీద అదే దగ్గర. వంతెన చుట్టూ తిరిగి వెళ్లాలని పటం చూసి సరిచేశాం. కానీ వర్షాకాలంలో ఆ రోడ్డు మీది వాగు పొంగితే రెండు మూడు రోజులు లారీ ఆగిపోతుందని పటం చెప్పలేదు, మందుల లారీ డ్రైవరు చెప్పారు. ఆయన మాటతోనే జూన్ నుంచి అక్టోబరు వరకు ఆ కేంద్రాల్లో అదనపు నిల్వ ఉంచాలన్న షరతు మోడల్‌లోకి వచ్చింది. ఇటువంటి సమాచారం ఇచ్చిన వారిని మళ్లీ కలిసి, మీరు చెప్పినది ఇలా వాడామని చూపించడం కూడా సిబ్బంది పనిలో భాగమని నేను భావిస్తాను.

రోగుల వివరాలున్న డేటా అయితే భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ నైతిక సంఘం అనుమతి డేటా తెచ్చుకునే ముందే ఉండాలి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి. పేర్లు తీసేస్తే సరిపోతుందని అనుకోకండి. చిన్న ఊరిలో వయసు, లింగం, అరుదైన వ్యాధి తెలిస్తే మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు.

బిల్లుల పని ఉంటుంది, దానిని దాచను. కొనుగోళ్లు జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్ ద్వారా జరగాలి, ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం పంపాలి, అది ఆలస్యమైతే మరుసటి విడత నిధులు ఆగి ముందుగా మీ జీతమే ఆగుతుంది. వారానికి ఒక పూట దీనికి కేటాయించి, మిగతా రోజుల్లో దాని జోలికి వెళ్లకపోవడం నాకు పనిచేసిన పద్ధతి.

ఇప్పుడు మీరు నేరుగా అడగకపోయినా మీ మనసులో ఉన్నదని నాకనిపించిన విషయానికి వస్తాను: పేరు, భవిష్యత్తు. కేంద్ర ప్రభుత్వ నిధులున్న ప్రాజెక్టుల్లో 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్ ఫెలోకు 42,000, డాక్టరేటు ఉన్న రీసెర్చ్ అసోసియేట్‌కు 58,000 నుంచి 67,000 రూపాయలు, వీటికి అదనంగా ఇంటి అద్దె భత్యం ఇస్తున్నారు. ప్రాజెక్ట్ అసోసియేట్ స్థాయిలో ఇంకా తక్కువ కూడా ఉండవచ్చు. నియామకం సాధారణంగా ఏడాదికొకసారి పొడిగింపు మీద సాగుతుంది, ప్రాజెక్టుతో ముగుస్తుంది. డేటా సైన్స్ చదివిన వారికి బయట దొరికే జీతంతో పోలిస్తే ఇది తక్కువే, ఈ అన్యాయం మీద నాకు కోపం ఉంది. బ్రిటన్‌లో 2012 ప్రాంతంలో రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అన్న పేరు పెట్టుకుని, ఇది శాశ్వత వృత్తి కావాలని సిబ్బందే ఉద్యమంలా అడిగి, చాలా విశ్వవిద్యాలయాల్లో అటువంటి స్థానాలు సాధించుకున్నారు. మన దగ్గర కూడా అడగవలసిందే.

పత్రికలో పేరు విషయం చేరిన రోజునే మాట్లాడండి, పనంతా అయ్యాక కాదు. రచయితల పాత్రలను 14 రకాలుగా విభజించే క్రెడిట్ అనే వర్గీకరణను ఇప్పుడు అనేక పత్రికలు పాటిస్తున్నాయి. అందులో డేటా నిర్వహణ, సాఫ్ట్‌వేరు, ఫలితాల ధ్రువీకరణ అన్నవి విడివిడి పాత్రలు. మీ ప్రొఫెసరు గారితో ఆ జాబితా ముందు పెట్టుకుని మాట్లాడితే సంకోచం తగ్గుతుంది. పైగా కాలం మీకు అనుకూలంగా మారుతోంది. మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రిక 2019 నుంచి, వ్యాసంతో పాటు దాని ప్రోగ్రాములనూ డేటానూ అందజేయాలని కోరుతోంది. డేటా రహస్యమైతే దానికి తగిన మినహాయింపులు ఉన్నాయి. బయటి వ్యక్తి మన ఫైళ్లు తీసుకుని నడిపి అదే పట్టిక రాబట్టవలసి వచ్చినప్పుడు, ఆ ఫైళ్లను తయారు చేసిన మనిషి పాత్ర ఇక మరుగున ఉండదు.

చేరిన మొదటి వారంలో ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. వచ్చిన మూల డేటా ఫైళ్లను మార్చడానికి వీలులేని ఒక ఫోల్డరులో ఉంచి, ప్రతి దానికి ఎవరు, ఏ తేదీన, ఏ అనుమతితో ఇచ్చారో పక్కన రాయండి. మార్పులన్నీ చేత్తో కాకుండా ప్రోగ్రాము ద్వారానే చేసి, దానిని, ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేరులో పెట్టండి. నిర్ణయాల పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. తేదీ, సమస్య, తీసుకున్న నిర్ణయం, కారణం, ఎవరితో మాట్లాడారు అన్న ఐదు వివరాలు చాలు. నేను వాడిన మొదటి పుస్తకం ఇప్పటికీ మా విభాగం బీరువాలో ఉంది. మెట్‌ఫార్మిన్ సున్నాల గురించి అందులో నేను రాసుకున్న పేజీని నిరుడు, ఆ ప్రాజెక్టు నాటికి బడిలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని తీసి చదివి, మేము అప్పుడు వాడిన పద్ధతిలో ఒక లోపాన్ని పట్టుకుని, ఆ పేజీ కిందనే తేదీ వేసి తన సవరణ రాసింది.